పురి విప్పితేనే పేరు

పెర్త్ నగరానికి పడమటి అంచు పొడుగునా ఇసుకదిబ్బలే. విశాఖ బీచిలో తెల్లవారుజామున నడిచే అలవాటున్న వాళ్ళకి అక్కడి సముద్రం కాస్త తిరకాసుగా ఉంటుంది. పొద్దు అందులోంచి పొడవదు, సాయంత్రం అందులోకి దిగుతుంది. అక్టోబరు అంటే వాళ్ళకి వసంతం. దిబ్బల మీద బూడిదరంగు పొదలు పూతకొచ్చి ఉన్నాయి. జనం సముద్రం చూస్తూ నడుస్తుంటే మా మేనకోడలూ నేనూ నేలచూపులు చూస్తూ, రెండడుగులకోసారి గొంతుక్కూర్చుంటూ సాగుతున్నాం. కుక్కని నడిపిస్తున్న ఒకావిడ ఆగి, తాళంచెవులు పారేసుకున్నారా అని అడిగింది. సాలీడు కోసం చూస్తున్నామని చెప్పగానే కుక్క గొలుసు దగ్గరికి లాక్కుని, రెడ్‌బ్యాక్ కాదుగదా అంది. ఆస్ట్రేలియాలో సాలీడు అనగానే ముందు విషం గుర్తుకొస్తుంది. కాదమ్మా, డాన్సు చేసేది అన్నాక ఆమె మొహం తేటపడింది. దాని వీడియోలు ఆవిడా చూసిందట. ఊరి చివరి దిబ్బల్లోనే ఉంటుందని మాత్రం తెలీదట.

మేం వెతుకుతున్నది మినపగింజంత ప్రాణిని. నెమలి సాలీడని లోకం ముద్దుగా పిలిచే మరాటస్ ప్రజాతిలో ఒక జాతి, మరాటస్ స్పీసియోసస్. మగది నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. ఫొటోల్లో అంత జిగేలుమనే ప్రాణి ఇసుక మీద ఇట్టే కనిపిస్తుందనుకుంటాం గానీ, రంగు కోసం వెతికితే రోజంతా వెతకొచ్చు. కదలిక కోసం చూడాలి. ఎండుటాకు మీద ఏదో చిటుక్కున ఎగిరినట్టుంటుంది. అక్కడే చూపు నిలిపితే, కాసేపటికి ఆ ఎగిరింది ఆగి, ఒళ్ళంతా మన వైపు తిప్పి చూస్తుంది.

ఈ చూడడం ఉత్త మాటవరసకి అన్నది కాదు. గెంతే సాలీళ్ళకి ఎనిమిది కళ్ళు. మొహం మీద ముందుకి ఉన్న పెద్ద జత ఒక్కోటీ ఒక గొట్టం. కటకం కదలదు, గొట్టం అడుగున ఉన్న రెటీనాని కండరాలు అటూ ఇటూ తిప్పుతాయి. అవి చూడగలిగిన మేర చాలా ఇరుకు, కానీ చూసినంత మేరా స్పష్టం. తక్కిన కళ్ళ పని చుట్టుపక్కల అలికిడి కనిపెట్టడం. పక్క కంటికి ఏదో కదిలినట్టు తోస్తే ఒళ్ళు తిప్పి ముందుకళ్ళతో తేల్చుకుంటుంది: తిండా, శత్రువా, ఆడదా. వల పన్ని కాచుక్కూర్చునే రకం కాదు కాబట్టి కళ్ళే దాని బతుకు. సాల్టిసిడే అనే ఈ కుటుంబం సాలీళ్ళన్నిట్లోకీ పెద్దది, 6,000కు పైగా జాతులున్నాయి. గెంతే సాలీడు దూకేముందు ఒక దారాన్ని నేలకి అంటించి మరీ దూకుతుంది. వెనక కాళ్ళలోకి రక్తద్రవాన్ని ఒక్కసారిగా తోసి, ఆ ఒత్తిడితో ఎగురుతుంది.

ఈ కుటుంబం మనకి కొత్తదేం కాదు. మన ఇళ్ళలో ట్యూబ్‌లైటు కింద గోడకి అతుక్కుని, చిన్న పురుగు వాలగానే మీద పడేది ప్లెక్సిపస్ పేకుల్లి. మగదానికి నల్లటి ఒంటి మీద తెల్లటి చారలు. ఆడది గోధుమ, బూడిద రంగుల కలగలుపు. రెండూ ఒకే గోడ మీద ఉన్నా ఒకే సంసారమని ఎవరూ అనుకోరు. చెట్ల ఆకుల మీద తిరిగే టెలమోనియా డిమిడియేటా ఆడదానికి లేత పసుపు ఒంటి మీద రెండు ఎర్ర గీతలు. మగది ముదురు రంగుది, తెల్ల మచ్చలది. మామిడితోటల్లో ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమల గుంపు పక్కనే, వాటి రంగు, వాటి నడక అచ్చంగా దించేసి చీమలా చలామణీ అయ్యే గెంతే సాలీడు కూడా ఉంది. అందుకే సాలీళ్ళ శాస్త్రంలో అడుగుపెట్టినవాళ్ళకి మొదటి పాఠం రంగును నమ్మొద్దనే. మగదాని మొహం ముందు పొట్టి కాళ్ళలా కనిపించే పెడిపాల్ప్‌లని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి. వీర్యాన్ని అందించే ఆ కొసల ఆకారం ఒక్కో జాతికి ఒక్కో రకం. ఆడదానికైతే పొట్ట అడుగున జననరంధ్రం చుట్టూ ఉన్న గట్టి పలక చూడాలి. పేర్లు తేలేది అక్కడ.

నెమలి సాలీళ్ళ దగ్గర ఈ పాఠం పనికిరాదు. వాటి పెడిపాల్ప్‌లు జాతి మారినా ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఎంత పెద్దది చేసి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. తేడా అంతా మగదాని పొట్ట పైన ఉన్న పలకలో ఉంది, దాని మీద పొలుసులు దిద్దిన బొమ్మలో ఉంది, ఆ బొమ్మని అది ఎలా ఆడిస్తుందన్నదాంట్లో ఉంది. మిగతా కుటుంబమంతటా మోసం చేసే రంగు ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. నేను అంత దూరం వెళ్ళింది ఆ సాక్ష్యం స్వయంగా చూడాలనే.

మధ్యాహ్నం ఎండ కాస్త చురుక్కుమన్నాక దొరికింది. మేనకోడలు చెయ్యి పైకెత్తి "మామయ్యా, కదలొద్దు" అంది. ఎండిన కొమ్మ ఒకటి ఇసుకలోకి సగం కూరుకుపోయి ఉంది. దాని చివర గోధుమరంగు ఆడది, రెండు అంగుళాల దూరంలో మగది. మగది ముందు ఒక కాలు పైకెత్తింది. మూడో జత కాళ్ళలో ఒకటి. దాన్ని ఆడిస్తూ కొమ్మ చుట్టూ పక్కకి పక్కకి జరిగింది. ఆడది తల తిప్పి చూసేదాకా అదే పని. చూసిందని రూఢి అయ్యాక రెండో కాలూ లేపింది. అప్పుడు పొట్టని నిలువుగా ఎత్తి, పక్కల కింద మడిచి దాచుకున్న అంచులు విప్పింది. మాక్రో లెన్స్‌లో కెమెరా తెర మీద చూస్తున్నాను. నీలం మెరిసింది, చుట్టూ నారింజ ఎరుపు వెంట్రుకల అంచు నిక్కబొడుచుకుంది. పలకని అటూ ఇటూ ఊపుతూ, మధ్యలో ఉన్నట్టుండి బిగుసుకుపోయి వణికింది. ఆ వణుకు కంటికి అందీ అందనట్టుంది.

ఆ వణుకులోనే సగం కథ ఉంది. మాడలిన్ జిరార్డ్, సహ పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశోధనలో, మరాటస్ వోలాన్స్ మగది పొట్ట అదిరించి నేల గుండా ఆడదానికి ప్రకంపనలు పంపుతుందని లేజరు పరికరంతో కొలిచి చూపించారు. వాటిలో రకాలున్నాయి. నాట్యంలో ఏ ఘట్టానికి ఏ రకమో కూడా ఉంది. ఆడది కాళ్ళతో వింటుంది. మనం వీడియోకి మనకి నచ్చిన పాట తగిలించి నవ్వుకుంటాం గానీ, అసలు పాట ఆ కొమ్మలో నడుస్తూనే ఉంటుంది.

మా ఆడది ఆ పాటకి కరగలేదు. పొట్ట కాస్త పైకెత్తింది. అది వద్దని చెప్పే తీరు. ఆ తరవాత కూడా మగవాడు పట్టువిడవకపోతే మీదపడి తినేసినా తినేస్తుంది. ఇతగాడు లోకజ్ఞానం ఉన్నవాడు, పురి ముడిచి కొమ్మ కిందికి దూరిపోయాడు.

ఈ సాలీళ్ళ పేర్ల చరిత్ర ఒక కట్టుకథతో మొదలైంది. 1874లో ఇంగ్లండులో పికార్డ్-కేంబ్రిడ్జ్ అనే మతగురువు న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చిన నమూనాలు చూసి మొదటి జాతిని వర్ణించాడు. పక్కల ఉన్న ఈ మడతలు విప్పుకుని సాలీడు గాల్లో తేలుతుందని అటునుంచి ఎవరో ఆయనకి చెప్పారు. ఆయన దానికి ఎగిరేదన్న అర్థం వచ్చే వోలాన్స్ అని పేరు పెట్టాడు. సీసాలో చచ్చి ఉన్నదాన్ని చూసి, అది బతికుండగా ఏం చేసేదో ఇంకొకరి నోట విని పేరు పెడితే అలాగే ఉంటుంది. ఎగరదని తేలినా పేరు మారలేదు. మొదట పెట్టిన పేరుకే హక్కు అన్నది నామకరణ నియమం. స్పీసియోసస్‌కి పేరు పెట్టింది కూడా ఆయనే, అదే సంవత్సరం.

ఆ తరవాత నూరేళ్ళకు పైగా ఈ గుంపు మ్యూజియం అరల్లో దాదాపు నిద్రపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియంలో జూలియాన్ వాల్డాక్ 1990ల నుంచి కొత్త జాతులు వర్ణిస్తూ వచ్చారు. 2005లో సిడ్నీకి ఉత్తరాన కురింగై చేజ్ అడవిలో నడుస్తున్న యూర్గెన్ ఓటో కాలి దగ్గర ఒక చిన్న సాలీడు గెంతింది. ఆయన వృత్తిరీత్యా మైట్లనే బుల్లి జీవుల నిపుణుడు. సాలీళ్ళు ఆయన ఉద్యోగం కాదు. తరవాతి కాలంలో ఆయన తీసిన వీడియోలతోనే ప్రపంచానికి నెమలి సాలీడు తెలిసింది. అమెరికాలో ఉండే డేవిడ్ హిల్‌తో కలిసి జాతి వెంట జాతి వర్ణించుకుంటూ పోయారు. 2020లో జోసెఫ్ షూబర్ట్ ఒకే వ్యాసంలో ఏడు కొత్త జాతులకు పేర్లు పెట్టాడు. వాటిలో ఒకదాని పొట్ట మీది నీలం పసుపు చుక్కలు వాన్ గో గీసిన నక్షత్రాల రాత్రి బొమ్మని గుర్తు చేశాయని కాన్‌స్టెలేటస్ అన్నాడు. ఇప్పటికి మరాటస్ జాతులు వంద దాటాయి. అంతకుముందు నూరేళ్ళలో పట్టుమని పది కూడా పోగవని ప్రజాతి, బతికున్నవాటిని చూడడం మొదలెట్టాక ఇంత పెరిగిందంటే ఓపిగ్గా నేల మీద బోర్లా పడుకున్నవాళ్ళకే దండం పెట్టాలి.

ముద్దుపేర్ల సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. జాక్టేటస్ అనే చక్కటి జాతికి స్పార్కిల్‌మఫిన్ అని, స్కెలెటస్‌కి స్కెలెటోరస్ అని పేర్లు తగిలించారు. పత్రికలకి విందుభోజనం. జనం గుర్తుపెట్టుకుంటారన్నదీ నిజమే. "నువ్వు కూడా ఆ పేర్లు చూసేగా మామయ్యా టిక్కెట్ కొన్నావు" అని మేనకోడలు దెప్పింది. నేను జవాబు చెప్పలేదు.

పెర్త్ నుంచి దక్షిణానికి, ఆల్బనీ రహదారి మీద నాలుగు వందల కిలోమీటర్లు. మేనకోడలి భర్త, మా అల్లుడు, కారు నడుపుతున్నాడు. దారికి రెండు వైపులా కనోలా చేలు పచ్చగా పూసి ఉన్నాయి, మధ్యమధ్య గొర్రెల మందలు. ఈ నైరుతి మూల మీద ఎన్నో లక్షల ఏళ్ళుగా ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎండిన మైదానం కమ్ముకుని ఉన్నాయి. ద్వీపంలా వేరుపడిన నేల. మరెక్కడా లేని మొక్కలు, వాటితోపాటు మరెక్కడా లేని పురుగులు అందుకే ఇన్ని. మరాటస్ జాతుల్లో చాలా భాగం ఈ మూలలోనే ఉన్నాయి. దిబ్బల్లో ఒకటి, కొండవాలు బాంక్సియా పొదల్లో ఇంకొకటి, దక్షిణాన కారీ చెట్ల అడవి నేల మీద మరొకటి. ముంగైచ్ అన్న జాతికి నూంగార్ ప్రజలు బాంక్సియాని పిలిచే మాటనే వాల్డాక్ 1995లో పేరుగా పెట్టారు. మ్యూజియం చీటీ మీద సాలీడు పేరు కంటే ముందు ఊరు, తేదీ, చెట్టు రాస్తారని చదివాను. కారు దిగినచోటల్లా వేరే సాలీడు ఉండే ఆ దారిలో ఆ అలవాటు ఎందుకొచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్టిర్లింగ్ కొండల దగ్గర బాట మొదట్లోనే చెప్పులు కడుక్కునే ఏర్పాటు ఉంది. గుడికి వచ్చినట్టుందని అల్లుడు అన్నాడు. అది ఫైటోఫ్తోరా అనే తెగులు కోసం. మట్టి వెంట ప్రయాణించి బాంక్సియాల వేళ్ళు కుళ్ళబెడుతుంది. బురద బూట్లు అడవికి అడవినే చంపగలవు. బ్రష్‌తో అడుగులు రుద్దుకుని, మందునీళ్ళలో తొక్కి లోపలికి వెళ్ళాం. ఈ కొండల్లో 1,500కు పైగా పూలమొక్కల జాతులున్నాయి, వాటిలో ఎనభైకి పైగా ప్రపంచంలో మరెక్కడా లేవు. గంటల్లా తలవంచుకుని పూసే డార్వీనియాలైతే కొన్ని ఒక్కో శిఖరం వదిలి పక్క శిఖరానికి కూడా వెళ్ళవు. బ్లఫ్ నోల్ ఎక్కడానికి దిగడానికి కలిపి ఆరు కిలోమీటర్ల బాట. వెయ్యి మీటర్లు దాటిన శిఖరం. పైన మబ్బు, చలిగాలి, చెమ్మగా నల్లరాయి. కింద చేలల్లో ఎండ.

ఆ పైన ఉండే జాతి మరాటస్ సారహే. వాల్డాక్ 2013లో వర్ణించినప్పుడు అది తెలిసింది ఈ కొండల ఎత్తైన శిఖరాల మీదే. మాకు కనబడలేదు. గాలి అంత ఉధృతంగా వీస్తుంటే నెమలి సాలీడు ఆకు కింద ఉంటుందే గానీ బయట ఆడుతూ కూర్చోదు. బాట పక్కన కాలిన మొద్దులు చాలా చోట్ల ఇంకా నల్లగానే నిలబడి ఉన్నాయి. 2019 డిసెంబరు చివర చెలరేగిన మంట పార్కులో 40,000 హెక్టార్లు కాల్చేసిందని లెక్క ఉంది. కొండ కొస మీద మాత్రమే ఉండే నాలుగైదు మిల్లీమీటర్ల ప్రాణికి అలాంటి వేసవి ఒకటి చాలు. దిగువకి పారిపోదామన్నా అక్కడి నేల దానిది కాదు. జాతుల్ని విడదీసి పేర్లు పెట్టడం పండితుల చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ముంగైచ్, సారహే ఒకటేనని లెక్క కట్టేసి ఉంటే ఆ మంటలో ఏం పోగలదో అడిగేవాడే ఉండడు.

ప్రజాతి గీతలు కూడా అనుకున్నంత గట్టివి కావు. విప్పుకునే పురి ఉంటేనే మరాటస్ అనుకుందామంటే, ఆల్బనీకి తూర్పు తీరాన దొరికిన పర్సొనేటస్‌కి పురే లేదు. మొహానికి నీలం ముసుగు, తెల్లటి గెడ్డం, కాళ్ళు ఊపడం, అంతే. 2021లో షూబర్ట్ వర్ణించిన నీమో సంగతీ అంతే. దక్షిణ ఆస్ట్రేలియా చిత్తడి నేలలో దొరికింది. నారింజ మొహం మీద తెల్ల పట్టీలు చూసి సినిమాలో చేపపిల్ల పేరు పెట్టారు, పొట్ట మాత్రం సాదా గోధుమరంగు. యూఓఫ్రైని అనే పెద్ద తెగలో మరాటస్ పక్కనే సైటిస్ అనే దగ్గరి బంధువు ఉంది. ఏది ఏ ఇంటిదో చెప్పాలంటే ఒంటి వివరాలతోపాటు డీఎన్ఏ కూడా చూడాల్సి వస్తోంది. రంగు జాతిని చెబుతుంది గానీ వంశం చెప్పలేదు. ఒకే బొమ్మ రెండు వంశాలు విడివిడిగా దిద్దుకోవచ్చు, ఒకే వంశం దాన్ని చెరిపేసుకోనూవచ్చు.

రంగు మాట వస్తే, అన్నిట్లోకీ నన్ను ఆపేసింది నలుపు. కారీ అడవుల పేరు మోసే మరాటస్ కారీ మీద, స్పీసియోసస్ మీద కొన్ని నల్లటి మచ్చలున్నాయి. 2019లో వచ్చిన ఒక పరిశోధన వాటి మీద పడ్డ వెలుగులో అర శాతం కూడా తిరిగి రాదని తేల్చింది. చర్మం మీద అతి చిన్న బుడిపెలు వరసగా ఉండి వెలుగుని లోపలి రంజకంలోకి మళ్ళిస్తాయి. మెరుపు లేని ఆ నలుపు పక్కన నీలం తనే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. పెర్త్‌లో తీసిన ఫొటోలని ఆల్బనీ బసలో పెద్దవి చేసి మళ్ళీ చూశాను. ఫ్లాష్ వెలుగు అన్నిచోట్లా తెల్లగా మెరిసింది, ఆ నలుపు మీద తప్ప.

చివరి రోజు వాల్‌పోల్ దారిలో, అడవి అంచున ఎండ పడ్డ ఆకుల గుట్ట మీద ఒక ఆడది దొరికింది. గోధుమరంగు, మీద తెల్లటి, నల్లటి నూగు. బుద్ధిగా ఆకు అంచున నిలబడి మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎన్ని వైపులనుంచి కావాలంటే అన్ని వైపులనుంచి ఫొటో తీయనిచ్చింది. పట్టుకోవడానికి అనుమతి పత్రం ఉండాలి, మా దగ్గర లేదు, అక్కర్లేదు కూడా. నోటుపుస్తకంలో చోటు, తేదీ, పక్క చెట్లు రాసి, పేరు దగ్గర మరాటస్, ఆడ అని ఆపేశాను.

"అంతేనా? ఇంత మంచి ఫొటోలున్నాయిగా" అంది మేనకోడలు.

ఆడవి ఒకదానికొకటి ఇంచుమించు అలాగే ఉంటాయని, పక్కన మగది ఆడుతూ కనిపిస్తే దాని జాతే దీనికీ రాస్తారని, చాలా జాతుల్లో ఆడదాని వర్ణన మగదాని వెనకాలే వచ్చిందని చెప్పాను. అల్లుడు కారు స్టార్టు చేశాడు, చీకటిపడితే కంగారూలు రోడ్డెక్కుతాయని తొందర పెడుతున్నాడు. తను సీటుబెల్టు పెట్టుకుంటూ అంది: "బావుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోనని అత్తయ్యగారితో ఏడాది పోట్లాడి గెలిచాను. ఇక్కడ అడవిలో కూడా మొగుడి పేరేనా?"

అల్లుడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.